ఒంటి చెట్టు కల్లు

"థూ!" నోట్లోని కల్లును దేవరాజులు ముంగిట్లోనే ఉమ్మేశాడు. "ఒరే గోవిందూ, ఏందిరా ఇది? నా చెట్టు కల్లా, కుడితి నీళ్ళా?"

కల్లు గీసే గోవిందు బిత్తరపోయాడు. "మీ చెట్టుదే సామీ. ఇప్పుడే దించి నేరుగా మీ చేతికిచ్చినా."

"అబద్ధం! పది చెట్లది కలిపినావు."

ఏర్పేడు దగ్గరి ఆ పల్లెలో తన తోపు నిండా ఈత చెట్లున్నా, దేవరాజులు తాగేది బావి గట్టు మీది ఒక్క చెట్టు కల్లే. ఊరంతా తాగే అంగడి కల్లంటే ఆయనకు అసహ్యం. అన్ని చెట్లదీ ఒకే కుండలో పోసి కలిపేదాన్ని కల్లంటారా అని ఈసడించేవాడు. దాన్ని తాగేవాళ్ళను మనుషుల్లో జమకట్టేవాడు కాదు. లోకంలో నాలుక తనొక్కడికే ఉన్నట్టు మిడిసిపాటు.

"అంగడి కల్లు గూడా తెప్పించండి సామీ. రెండూ పక్కపక్కన పెట్టుకోని సూడండి. మీకే తెలుస్తాది," అని బతిమాలాడు గోవిందు. ఆ తోపు చేజారితే అతని పొయ్యిలో పిల్లి లేవదు.

అంగడి నుంచి ఇంకో ముంత వచ్చింది. దేవరాజులు మొహం చిట్లించుకుని ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ! ఇదిరా నా చెట్టు కల్లు! ఇన్నేండ్లుగా తాగతాండా, నాకు తెలీదా? దొంగ నాయాలా, నాది అంగడికమ్మి, అంగడిది నా మొగాన పోస్తావా?"

"కొండ మీది సామి తోడు, నేనట్టా..."

"సామి పేరెత్తొద్దు! అడ్డమైన నోర్లకు ఒంటి చెట్టుది, నాకు కలగూరగంపా? రేపట్నుంచి నా తోపులో కాలు పెట్టినావంటే కాళ్ళిరగ్గొడతా. మోకు ఈడ పడేసి పో."

గోవిందుకు ఏడుపొచ్చింది. చెట్టెక్కే మోకును నడుము నుంచి విప్పసాగాడు.

అప్పుడే తిరుపతి బస్సు దిగి వచ్చిన దేవరాజులు భార్య జ్ఞానాంబ, లడ్డు మూటతో వాకిట్లో నిలబడిపోయింది. నిన్న కొండకు పోయిన మనిషి. మొగుడి అరుపులన్నీ విన్నది. గోవిందును చూసింది, చేతిలోని ప్రసాదం వంక చూసుకుంది.

"మోకు కట్టుకో గోవిందూ," అంది.

"నువ్వు గమ్మునుండు!" కసిరాడు దేవరాజులు. "ఆడదానివి, కల్లు రుచి నీకేం తెలుసు?"

"ప్రసాదం పట్టుకోని అబద్ధమాడలేనయ్యా. రోజూ గోవిందు తెచ్చేది పెరట్లో నేను తాగేసి, నీ చెంబులో పోసేది అంగడి కల్లే!"