సున్నం గుర్తులు

నల్లా నీళ్ల ఆఫీసు గేటు ముందు ఒక మనిషి నేలకు చెవి ఆనించి పడుకున్నాడు.

ఓవర్సియర్ వెంకటరాజం జీపు ఆగిపోయింది. అసలే ఎండాకాలం. పొద్దున్నుంచీ బిందెలు పట్టుకుని జనం తిట్టిన తిట్లు ఆయన చెవుల్లో ఇంకా మోగుతున్నాయి.

"ఎవడాడు? తాగి పడ్డడా?"

"తాగడు సారూ, నా కొడుకు పెద్దులు," అంటూ పక్కనున్న ఆడమనిషి చేతులు జోడించింది. ఆమె రాజవ్వ. కాశిబుగ్గలో మగ్గం నేసే ఇంటిది. "నౌకరి కోసం వచ్చినం."

పెద్దులు లేచాడు. ఇరవై రెండేళ్లుంటాయి. మనిషి ముఖంలోకి చూడలేదు. జీపు చక్రం వంక చూస్తూ, "వాల్వు తిప్పే నౌకరి కావాలె," అన్నాడు.

"ఇంట్ల మగ్గం ఉండంగ నీళ్ల నౌకరేంది?"

"మగ్గం సప్పుడు వానికి పడది సారూ. చెవులు మూసుకొని వణుకుతడు. నీళ్ల సప్పుడైతే ఎంతసేపైనా ఇంటడు. భూమిల పోయే నీళ్లు గూడ ఇనొస్తయట."

"ఏం చదివినవ్ రా?"

పెద్దులు వంగి జీపు చక్రం పక్కన మళ్లీ నేలకు చెవి ఆనించబోయాడు.

"నిన్నే అడుగుతాన."

"వాల్వు తిప్పే నౌకరి కావాలె."

ఫిట్టర్ సారయ్య నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

వెంకటరాజం చెడ్డవాడేం కాదు. తీరిక లేదు పాపం. వదిలించుకోవడానికి ఏదో ఒక మాట అని తల్లీకొడుకులను పంపేశాడు. ఏమన్నాడో కుర్చీలో కూర్చునేలోపే మరిచిపోయాడు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం.

ఆ ఎండాకాలంలోనే రోడ్ల మీద సున్నం గుర్తులు కనబడటం మొదలైంది. రూపాయి బిళ్లంత తెల్లటి చుక్క. చుక్క ఉన్నచోట తవ్వితే చాలు, కింద పైపు పగిలి ఉండేది. ఒక్కటీ తప్పు పోలేదు. అంతకుముందు ఒక్క లీకు కోసం వీధి వీధంతా తవ్వి, ఇంటింటి చేతా తిట్లు తినేవాళ్లు. ఇప్పుడు గంటలో పని అయిపోయేది.

సారయ్య తెల్లారకముందే లైనంతా తిరిగి గుర్తులు పెడుతున్నాడని వెంకటరాజం అనుకున్నాడు. సారే తిరిగి పెడుతున్నాడని సారయ్య అనుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

ధర్మసాగర్ చెరువు నీళ్లు చుక్క వృథా కాకుండా ఊరికి అందిస్తున్నాడని పైవాళ్లు వెంకటరాజాన్ని మెచ్చుకున్నారు. మెడలో పూలదండ వేశారు. దండ పడ్డాక ఆయన ఇంకెవరినీ ఏమీ అడగదలచుకోలేదు.

రోజూ ఆయన జీపు వచ్చే వేళకు గేటు దగ్గర ఖాకీ చొక్కా మనిషి ఒకడు నేల చూపులు చూస్తూ సలాం చేసేవాడు. పక్క గోదాం కాపలావాడనుకుని వెంకటరాజం తల ఊపేవాడు. తల ఊపగానే ఆ మనిషి వెళ్లిపోయేవాడు.

ఇలా పదేళ్లు నడిచింది.

ఒక వానాకాలం గుర్తులు ఆగిపోయాయి. మళ్లీ వీధుల తవ్వకం, మళ్లీ తిట్లు.

వెంకటరాజం సారయ్య మీద మండిపడ్డాడు. "రిటైర్మెంటు దగ్గరవడ్డదని పని బంద్ చేసినవా?"

"చేస్తనే ఉన్న గద సార్," అన్నాడు సారయ్య ఏమీ అర్థంకాక.

ఆ మాటల మధ్యనే గుమ్మంలో ఒక ముసలామె వచ్చి నిలబడింది.

"సారూ, మా పెద్దులు ఇగ డ్యూటీకి రాడు. చెప్పి పోదామని వచ్చిన."

"ఏ పెద్దులు? ఆ పేరు మనిషి మా దగ్గర లేడవ్వా."

"పచ్చకామెర్లయినయ్. నెల కింద పోయిండు." రాజవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "దవాఖానల గూడ ఒకటే రంది. వస్తలేనని సారుకు చెప్పవ్వా, నాగ పడ్తది అని. పదేండ్లల్ల ఒక్కనాడు డ్యూటీకి నాగ పెట్టలే సారూ. నేను కుట్టిచ్చిన ఖాకీ అంగి తొడుక్కొని, నల్లా వచ్చే యాళ్లకు పోయేటోడు."

ఆమె కొంగు ముడి విప్పి చిన్న రేకు డబ్బీ బల్ల మీద పెట్టింది.

"ఇది నా పాన్ల సున్నం డబ్బీనే. వాడు ఆఫీసుది అనేటోడు. మీ దగ్గర్నే ఉండనియ్యిన్రి."

వెంకటరాజం మూత తీశాడు. ఎండిన సున్నంలో వేలితో తీసిన గాడి అలాగే ఉంది.

ఆయన సారయ్య వైపు చూశాడు.

"నేను గాదు సార్," అన్నాడు సారయ్య మెల్లగా. "మీరు పెడ్తాన్రనుకున్న."

గేటు దగ్గరి సలాం గుర్తొచ్చింది. అంతకుముందెప్పుడో జీపు చక్రం వంక చూసిన ముఖం కూడా గుర్తొచ్చింది. వెంకటరాజానికి ఏడుపు ఆగలేదు. ఎదురుగా ఇద్దరున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని అడిగాడు. "ఈ పని చెయ్యమని వానికి ఎవరు చెప్పిన్రవ్వా?"

"మీరే సారూ. ఆ దినం గేటు కాడ అన్నరు. 'ఏడ నీళ్లు కారుతానయో ఇనుకుంట, గుర్తు పెట్టుకుంట తిరుగు పో, అదే నీ నౌకరి' అని."

రాజవ్వ డబ్బీ మూత తనే మళ్లీ పెట్టింది.

"మమ్ముల ఎల్లగొట్టెతందుకు అన్నరని నాకు ఎరుకే. వాడు మాత్రం ఆర్డరనుకున్నడు."