ముప్పై రోజుల గడువు

"ఇది నేను చేసిన పనే సార్," అంది ఇంజనీరమ్మాయి.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆఫీసులో అందరూ వెనకాల ఆయన్ని గడియారంగారంటారు. నిమిషం అటూ ఇటూ కాని మనిషి. పన్నెండేళ్ళు ఓడల్లో రేడియో గదిలో కూర్చొచ్చి, ఇప్పుడీ ఓడల కంపెనీలో మెసేజీల విభాగాన్ని చూస్తున్నారు. ఇంట్లోవాళ్ళు ఫోను చేసి చెప్పిన మాటల్ని ఇక్కడి సర్వరు దాచిపెట్టి, ఓడకి సిగ్నల్ అందగానే అందులో పనిచేసే మనిషికి వినిపిస్తుంది. ముప్పై రోజుల్లో అందకపోతే చెరిపేస్తుంది. అది రూలు.

కాగితంలో ఉన్నవి రెండే ముక్కలు. ముప్పై రోజులు దాటిన మెసేజీలు ఇంకా ఎందుకున్నాయి, తప్పెవరిది? సాయంత్రం ఐదింటిలోగా సరిచేసి, ఆ అంకె ఫొటో తీసి పంపండి.

"సర్వరు సెట్టింగులుండే రిజిస్ట్రీలో గడువు రాసే గడి పక్కన రెండు చుక్కలుంటాయి కద సార్. ఒకటి మనందరం లెక్కపెట్టే పదుల లెక్క. రెండోది పదహార్ల లెక్క. ఆ రెండో చుక్క మీద ఉంచి ముప్పై కొడితే మిషను దాన్ని మూడు పదహార్లు, అంటే నలభై ఎనిమిది అనుకుంటుంది. ఇప్పుడే తెరిచి చూశాను, అలాగే ఉంది. రెండేళ్ళ క్రితం దీన్ని పెట్టింది నేనే. చేరిన మొదటి వారం. కంగారులో చుక్క చూసుకోలేదు."

"ఊఁ," అన్నారు గడియారంగారు. కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశారు. ఆమె తొంగి చూసింది. 'తప్పు నాది' అని రాసి, కింద సంతకం పెట్టేశారు.

"అయ్యో, నా తప్పు మీరెందుకు సార్ నెత్తిన వేసుకోవడం!"

"నా విభాగం. రాసిందేదో రాశాను. పని చూడు."

ఇంత మంచి మనిషినా ఇన్నాళ్ళూ గడియారమని వెక్కిరించాను అనుకుంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది.

కానీ ఆమెని తొలిచేస్తున్న బాధ వేరే ఉంది. అది కౌంటరు ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. మెడకి తెల్లటి కట్టు, ఒళ్ళో చిన్న నోటుబుక్కు. పాతికేళ్ళు వీధులెంట తిరిగి కూరగాయలమ్మిన మనిషి ఆవిడ. కేకేస్తే మూడో వీధికి వినపడేదట. గొంతుకి ఆపరేషనయ్యాక మాట పోయింది, ఇక రాదన్నారు. ఆపరేషనుకి ముందురోజే, ఓడలో వంటవాడిగా ఉన్న కొడుక్కి ఫోను చేసి మాట్లాడింది. ఆ మెసేజీకి ఇవాళ్టికి ముప్పై ఆరు రోజులు. ఓడ నడిసముద్రంలో ఉంది. సిగ్నల్ అందేది రేపు పొద్దున్న.

రోజూ వచ్చినట్టే వచ్చి, రోజూ రాసినట్టే రాసి చూపించింది. 'చేరిందా తల్లీ?'

"సార్, ఒక్కరోజు ఆగుదాం. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. బయటికి తీసి దాద్దామంటే మెసేజీలకి తాళాలు, మనం ముట్టుకోలేం."

"ఐదింటికి ముప్పై కొట్టమన్నారు. కొడతాను."

"కొట్టి సర్వీసు మళ్ళీ మొదలెట్టిన క్షణం అది పోతుంది సార్!"

"నాకు పాఠాలు చెప్పకు. లే, ఆ కుర్చీ ఇటివ్వు. వెళ్ళి ఆవిడకి కాసిని మంచినీళ్ళివ్వు."

ఇందాక దేవుడిలా కనపడ్డ మనిషి ఇంతలోనే బండరాయి అయిపోయాడు. ఆమె విసురుగా బయటికొచ్చింది. గ్లాసు అందిస్తుంటే కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. ఆ తల్లి గ్లాసు పక్కన పెట్టి, గబగబా రాసింది. 'ఎవరు తిట్టారు? ఆ లోపలి పెద్దాయనా? నాకు గొంతుండాలి గాని, చెప్పేదాన్ని.'

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి ఇంజనీరమ్మాయికి. ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే కూలబడింది. రేపు ఈవిడకి ఏమని చెప్పాలి?

గాజు తలుపులోంచి గడియారంగారి వీపు కనపడుతోంది. ఏదో కొట్టారు. ఫోను తీసి, తెర మీదికి బాగా వంగి, అంకెకి దగ్గరగా పెట్టి ఫొటో తీశారు. సర్వీసు ఆపారు, మళ్ళీ మొదలుపెట్టారు. గోడ మీద సరిగ్గా ఐదు.

మర్నాడు ఆమె కాళ్ళీడ్చుకుంటూ ఆఫీసుకొచ్చింది. చూడబుద్ధి కాకపోయినా జాబితా తెరిచింది. వంటవాడి పేరు ఇంకా ఉంది. ఎదురుగా 'చేరింది' అని ఉంది. దాని పక్కన, విన్నది నాలుగుసార్లు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఒక్క ఉదుటున కౌంటరు దగ్గరికి పరిగెత్తి, అప్పుడే వస్తున్న ఆ తల్లిని వాటేసుకుంది.

"చేరిందమ్మా! నాలుగుసార్లు విన్నాడు!"

ఆవిడ కాసేపు కొంగుతో మొహం కప్పుకుంది. తర్వాత నోటుబుక్కు తీసి రాసింది. 'నాలుగుసార్లా! చిన్నప్పుడు ఎంత అరిచినా ఒక్కసారి వినేవాడు కాదు.'

ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఇంజనీరమ్మాయి రిజిస్ట్రీ తెరిచింది. గడిలో ముప్పై. చుక్క మాత్రం పదహార్ల లెక్క మీదే ఉంది. గడియారంగారి గదిలోకి ఒక్క పరుగు తీసింది.

"సార్! నిన్న మీరూ చుక్క చూసుకోలేదు! అచ్చం నాలాగే పొరపాటు చేశారు!"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తలుపు దగ్గరగా వెయ్యమని సైగ చేశారు.

"నిన్న ఆ కాగితం మీద రాసింది నిజమేనమ్మా," అన్నారు మెల్లిగా. "రెండేళ్ళ క్రితం నువ్వు చుక్క సరిగ్గానే పెట్టావు."