పై గాటు దాకా

“ఇంకా వేడెక్కలేదు. ఇంకో చుట్టు తిప్పు,” అన్నాడు మేస్త్రి.

“ఇరవై నిమిషాలయింది నాన్నా.”

“అయితే? ఇదేమన్నా మన డొక్కు వ్యాననుకున్నావా, తాళం తిప్పగానే ఆవిర్లు కక్కడానికి? ఇంత ఖరీదైన బండి మహారాణి లాంటిది. తీరిగ్గా గానీ ఒళ్ళు వెచ్చబడదు. ఇంజను వేడెక్కందే ఆయిల్ ఎంతుందో సరిగ్గా తేలదు. తిప్పు.”

కూతురు కిసుక్కున నవ్వి బండిని మలుపు తిప్పింది.

మేస్త్రి వెనక్కి వాలాడు. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు అది. రోడ్డుకి జానెడెత్తున, ఊయల్లో పడుకోబెట్టినట్టుంది. ఏడాదిన్నరగా అతని కళ్ళకి వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనడం లేదు. ఇప్పుడు చెట్ల కింద పోతుంటే నీడ, వెలుగు, మళ్ళీ నీడ, మొహం మీంచి జారిపోతున్నాయి. చక్రాల కింద రోడ్డు పట్టుగుడ్డ మడత విప్పినట్టు సరసరలాడుతోంది. తను ముందుకు పోతున్నాడో, ఊరే మెల్లగా వెనక్కి పోతోందో తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

“చప్పుడే లేదేమే చిట్టీ?”

ఆమె గొంతు సవరించుకుంది. “డబ్బున్నోళ్ళ బండి కదా నాన్నా. అరిచేవన్నీ లేనోళ్ళ బండ్లే.”

“బండ్లేనా? మనుషులూ అంతే.”

అరవడం సంగతి అతనికి బాగా తెలుసు. నాలుగేళ్ళ కిందట ఆమె డ్రైవరు ఉద్యోగంలో చేరతానంటే, “నా కూతురు ఎవడి కారో తోలి బతకడమా!” అని వీధి వీధంతా వినేట్టు అరిచాడు. ఆమె సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మాటల్లేవు. ఆ తర్వాత చూపు మసకబారడం మొదలైంది. ఆయిల్ చూసే కడ్డీ మీద గీతలు కనబడక, తన వ్యాను కడ్డీకి ఆకురాయితో కింద ఒకటి, పైన ఒకటి గాట్లు పెట్టుకున్నాడు. గోటితో తడిమి చూసుకునేవాడు. ఊళ్ళోవాళ్ళ బండ్లకి గాట్లుండవుగా! ఒకరి కారులో పై గీత దాటించి పోశాడు. పొగలు కక్కి ఇంజను పాడయింది. అతని రిపేరు షెడ్డు మూతబడింది. కళ్ళున్నవాడు చేస్తే పొరపాటు, లేనివాడు చేస్తే నేరం. లోకం తీరే అంత.

మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడొచ్చింది కూతురు, ఈ కారేసుకుని. “మా ఓనరుది నాన్నా. ఆయిల్ చూసిపెట్టు. ఇంకొకళ్ళ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు,” అంది. క్షమించమని అతనూ అడగలేదు, క్షమించానని ఆమె కూడా అనలేదు. కానీ అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే బండి గుమ్మం ముందు ఆగుతోంది.

ఇప్పుడూ షెడ్డు ముందు చదునైన చోట ఆపించాడు. “ఆయిల్ కిందికి దిగాలి, ఓ ఐదు నిమిషాలు ఆగుదాం,” అంటూ దిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

“చెయ్యి తియ్యి నాన్నా, కాలుతుంది!”

తీసేశాడు. “సరే, కడ్డీ నువ్వే లాగివ్వు.”

ఆమె కడ్డీ తెచ్చి చేతిలో పెట్టింది. గుడ్డతో శుభ్రంగా తుడిచిచ్చాడు. మళ్ళీ ముంచి తెచ్చింది. బొటనవేలి గోటితో మెల్లగా పైకి తడిమాడు. కింద గాటు, పై గాటు, రెండూ పాత చుట్టాల్లా తగిలాయి. ఆయిల్ సరిగ్గా పై గాటు దాకా ఉంది. చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు.

“నాన్నా, ఒక మాట,” అంది కూతురు. గొంతు తగ్గింది. “వారం వారం వచ్చి నిన్ను విసిగిస్తున్నానేమో. ఇవాళ సరిపడా ఉందంటే చెప్పు. ఇక ఇబ్బంది పెట్టను.”

మేస్త్రి వేలు పై గాటు మీదే ఆగిపోయింది. ఉన్నమాట చెబితే వచ్చే ఆదివారం ఈ వీధిలో ఏ బండీ ఆగదు.

“అర లీటరు తక్కువుంది,” అన్నాడు.

“నిజంగానా?”

“నలభై ఏళ్ళు ఈ నూనెలోనే నానాను, నాకు నేర్పుతావా? సీసా పట్రా.”

ఆమె అతని చెయ్యి పట్టుకుని గరాటు దగ్గరికి నడిపింది. ఆయిల్ సన్నటి ధారగా, రేకు డబ్బాలోకి జారుతున్నట్టు చప్పుడు చేస్తూ పడింది. మేస్త్రి చెవి ఒగ్గి విన్నాడు. సగం సీసా అయ్యాక ఆపాడు.

“ఈ బండి తెగ తాగుతోందే చిట్టీ. వారం వారం చూడాల్సిందే. ఒక్క వారం మానావో, నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు.”

“అలాగే నాన్నా.” ఆమె చెయ్యి అతని చేతి మీద ఇంకాసేపు ఉండిపోయింది.

కూతురు వెళ్ళాక భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి, అతని చేతుల మీద పోస్తూ అడిగింది. “సరిపోయిందా ఆయిల్?”

“ముందే నిండుగా ఉంది. పై గాటు దాకా.”

“మరి సీసాలో సగం ఏమైనట్టు?”

“పోశాను.”

చెంబు ఆమె చేతిలోంచి జారింది. “మీకు మతి గానీ పోయిందా? నిండినదాంట్లో పోసేగా ఆనాడు షెడ్డు ముంచారు! ఆ ఇంజను కాస్తా పాడైతే పిల్ల ఉద్యోగం ఉంటుందా? అది మళ్ళీ మన గుమ్మం తొక్కుతుందా?”

మేస్త్రి తడి చేతులు లుంగీకి తుడుచుకుని, బండి వెళ్ళిన వైపుకి మొహం తిప్పాడు.

“అది కరెంటుతో నడిచే కారే, పిచ్చిదానా.”