సమాధికి సున్నం

"ఎవరు కావాలండీ?"

సమాధి వెనకనుంచి లేచిన అమ్మాయిని చూసి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. మోచేతుల దాకా సున్నం. సమాధులకు సున్నం వేసుకునే ఈస్టర్‌కి ఇంకా రెండు రోజులుంది. సమాధుల తోటలో సగం అప్పుడే తెల్లబడింది.

పొదిలి దగ్గర వెంచర్ కోసం భూమి చూడ్డానికి హైదరాబాద్ నుంచి బయల్దేరాడు ఆయన. ఈ ఊరి మలుపులో కారు ఎందుకు ఆపమన్నాడో డ్రైవర్ కోటేష్‌కి అర్థం కాలేదు. పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ఆయన దగ్గాడు.

అమ్మాయి కారు వైపు చూసింది. "నాన్న సమాధి చూడ్డానికా? మీరు... ప్రకాష్ గారా? నాన్న ఉత్తరాల నిండా మీ పేరేనని అమ్మ చెప్తుందండీ."

ఆయన కాదనలేదు.

ఇరవై రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఇద్దరు స్నేహితులు ఒకే రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. యేసుపాదం ఈ ఊరివాడు. టెన్త్ ఫెయిల్. ఇటుకలు మోసేవాడు. ప్రకాష్ గుంటూరు హాస్టల్లో పెరిగిన అనాథ. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నా ఇంకా పని దొరక్క తనూ ఇటుకలే మోసేవాడు. ఎప్పటికైనా పెద్ద పెద్ద మేడలు తామే కట్టాలని ఇద్దరికీ ఒకటే పిచ్చి.

కొత్త సైటుకి మారిన నాలుగో రోజు మధ్యాహ్నం షెడ్డు అంటుకుంది. జ్వరంతో లోపల పడుకున్నవాడు బయటికి రాలేకపోయాడు. మొహం మిగల్లేదు. అక్కడ ఎవరికీ ఎవరి పేరూ తెలియదు, అక్కర్లేదు కూడా. పోలీసులు అడిగితే బతికినవాడు "యేసుపాదం" అన్నాడు. మూసిన పెట్టె ఈ ఊరికి వచ్చింది.

డిప్లొమా కాగితాలు టీకొట్టులో దాచి ఉండటంతో కాలలేదు. వాటితో ఇంకో కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం దొరికింది. ఆపైన కాంట్రాక్టులు. ఇప్పుడు ఆరంతస్తుల సొంత ఆఫీసు. కానీ ఎక్కడ ఏం కాలిన వాసన వచ్చినా ఆయనకు ముద్ద దిగదు.

"ఒకటడగనా అండీ? నేను పుట్టానని నాన్నకి తెలుసా? ఆడపిల్లనని?"

"తెలుసమ్మా. జాబు అందిన రోజు అందరికీ చాక్లెట్లు పంచాడు. మహిమ అని పేరు పెట్టమని రాశాడు."

ఆమె మొహం వెలిగిపోయింది. "నా పేరు మీకింకా గుర్తుందే!"

ఆయన సమాధి వైపు చూడకుండా నిలబడ్డాడు.

"వచ్చే నెల నేనూ హైదరాబాద్ వస్తున్నానండీ. ఉద్యోగం వచ్చింది. ఆ ఊరు మనుషుల్ని మింగేస్తుంది, వద్దే అంటోంది అమ్మ."

"అమ్మ మాట విను తల్లీ."

"మీరే చెప్పండి అమ్మకి. పక్క కల్లంలోనే కాయలు ఏరుతోంది. మిమ్మల్ని చూస్తే ఎంత సంతోషిస్తుందో!" అని, ఆయన వద్దనేలోపే చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది. "అమ్మా! నాన్న ఫ్రెండు ప్రకాష్ గారొచ్చారే!"

ఆయన వెళ్లొస్తానని కూడా అనలేదు. గట్టు మీద తూలుతూ, పరుగులాంటి నడకతో వెళ్లి కారెక్కాడు.

"పోనీ కోటేషూ."

"ఎవరో ఆవిడ చెయ్యూపుతా వస్తోంది సార్. ఆపనా?"

"పోనిమ్మన్నానా!"

వెనక అద్దంలో జయకుమారి ఎర్రటి మిరప కల్లం దాటి రోడ్డు మీదికి పరిగెత్తుకొస్తుంటే, ప్రకాష్‌ని తన పేరుతో పూడ్పించి ప్రకాష్ పేరుతో తాను బతుకుతున్న యేసుపాదం, భార్య మొహం కనపడకుండా గట్టిగా కళ్లు మూసుకున్నాడు.