ఒక్క సంతకం

"గామె మల్లొచ్చిందా?"

కిటికీ పరదా వేలెడంత తొలగించి అడిగాడు ఎమ్మెల్యే విజయేందర్.

"వచ్చిందండి. వరుసగా నాలుగో రోజు," అన్నాడు పీఏ బుచ్చిబాబు.

అమీర్‌పేటలో ఆ ఇంటి ముందు పొద్దున్నే షామియానా కింద జనం. ఆస్పత్రికి లెటర్ కావాల్సినవాళ్లు, డ్రైనేజీ పొంగి వచ్చినవాళ్లు, హాస్టల్లో నీళ్లు రావడం లేదని వచ్చిన జావా కోచింగ్ పిల్లలు. అందరి చేతుల్లోనూ దరఖాస్తులున్నాయి. ఆమె చేతిలో మాత్రం పొడుగాటి రిజిస్టరు ఉంది. యాభై ఏళ్లుంటాయేమో, నేత చీర, భుజాన గుడ్డ సంచి. గేటు మీది ఇంటి నంబరు చూస్తుంది, ఏదో రాసుకుంటుంది, మళ్లీ చూస్తుంది.

విజయేందర్ గభాల్న పరదా మూసేశాడు. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. టికెట్ల కోసం ఢిల్లీవాళ్లు ఇంటింటికీ రహస్యంగా సర్వే మనుషుల్ని పంపుతున్నారని పార్టీలో చెవులు కొరుక్కుంటున్నారు. ఈసారి టికెట్ రాకపోతే తన పని అయిపోయినట్టే. అదే టికెట్ కోసం పక్క సందులో వీర్రాజు కాచుకుని కూర్చున్నాడు.

"ఏం గావాల్నంట?"

"సారుతో ఒక్కరితోనే మాట్లాడాలి, ఒక్క సంతకం కావాలి అంటోందండి. కాగితం నాకివ్వమంటే ఇవ్వదు. సారు చేతికే ఇవ్వాలట, రూలట. నలుగురిలో చెబితే సారుకే బాగోదట."

"నాకే బాగోదా?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు విజయేందర్ చుట్టూ చూశాడు. "గంతగనం ఏం తెల్సంట గామెకు?"

గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ నర్సింహులు గొంతు సవరించుకున్నాడు. "నిన్న నన్ను సుత అడిగింది సార్. గీ ఇంట్ల ఎంతమంది ఉంటరని. సారు, అమ్మ, పాప, గంతే అన్న. నిజంగా అంతేనా అని మల్ల అడిగి రాసుకున్నది."

"రాసుకున్నదా!" విజయేందర్ కుర్చీలో కూలబడ్డాడు. "గామె కాయితం ఎవరు ముట్టొద్దు. సంతకం అన్నదంటే ఏదో మతలబున్నది. బుచ్చిబాబూ, బండి ఎనక గేటుకు తెమ్మను."

పంజాగుట్ట చౌరస్తాలో అరగంట ఇరుక్కుని, అసెంబ్లీకి చేరేసరికి ఆయనకు చిరాకు నెత్తికెక్కింది. ఆ చిరాకంతా సభలో దొంగ ఓట్ల మీద చూపించాడు.

"అధ్యక్షా! మా అమీర్‌పేట హాస్టళ్లల్ల ఒక్కో ఇంటి నంబరు మీద వంద ఓట్లున్నయి. కోచింగ్ అయిపోయి బెంగళూరు పోయినోళ్ల పేర్లు సుత ఇంకా గాడనే ఉన్నయి. నేను ఫిర్యాదిస్తేనే అధికారులు కదిలిన్రు. ఎవరినీ వదలొద్దు. జాబితాల పేరు లేనోడు ఓటెయ్యనీకె పనికిరాడు, పోటీ చెయ్యనీకె సుత పనికిరాడు!"

బల్లలు దద్దరిల్లాయి. తన మాటకు తనకే ఒళ్లు పులకరించింది.

రాత్రంతా ఆలోచించి, శుక్రవారం పొద్దున ఎత్తు మార్చాడు. సర్వే మనిషైతే మాత్రమేం, మంచి చేసుకుంటే పోలా? బయటికొచ్చి అందరికీ చాయ్ పోయించాడు. ఓ ముసలమ్మ కాళ్లకు దండం పెట్టాడు. నీళ్ల ట్యాంకర్ కోసం రిజిస్టరు పట్టుకున్నామెకు వినబడేలా ఫోన్లో అరిచాడు.

ఆమె లేచి దగ్గరికొచ్చింది. "సార్, రెండు నిమిషాలు లోపలికి రండి. రేపే ఆఖరు."

సర్వేకి రేపే ఆఖరన్నమాట! "అమ్మా, నువ్వు జూస్తనే ఉన్నవు గద, ఎట్ల జేస్తున్ననో. మంచిగ రాయి," అంటూ చేతులు జోడించి కారెక్కేశాడు.

శనివారం ఇంకా గట్టి జాగ్రత్త పడ్డాడు. ఆమె రాకముందే ఎర్రమంజిల్‌లో ఉన్న బామ్మర్ది ఇంటికి పోయి, అక్కడే స్నానం చేసి అసెంబ్లీకి వెళ్లాడు. సాయంత్రం ఐదు దాకా ఆమె గేటు దగ్గరే నిలబడిందని నర్సింహులు చెబితే పడీపడీ నవ్వాడు.

సోమవారం పొద్దున టీవీలో పార్టీ జాబితా వచ్చింది. విజయేందర్ పేరుంది! గల్లీలో టపాకాయలు పేలాయి. మెడలో దండతో బయటికొచ్చిన ఆయనకు గేటు పక్కన ఆమె కనిపించింది. గబగబా వెళ్లి అందరి ముందూ వంగి దండం పెట్టాడు.

"నీ మేలు మర్వనమ్మా. ఢిల్లీకి మంచిగ రాసినవ్."

"ఢిల్లీకా? నేను సర్కారు బడి టీచర్ని సార్, కమలకుమారి. మీ వీధి ఓటర్ల జాబితా డ్యూటీ నాకేశారు." ఆమె గొంతు తగ్గించింది. "ఒక ఇంటి మీద ఇరవై ఓట్లు దాటితే ఆ ఇంటాయన చేతికి నోటీసిచ్చి, వారంలో సంతకం తీసుకోవాలి. లేకపోతే ఆ ఇంటి పేర్లన్నీ కొట్టెయ్యాలి. మీ ఫిర్యాదు మీద పెట్టిన రూలే. ఈ ఇంటి మీద, మీ వెంట తిరిగే కార్యకర్తలతో కలిపి, అరవై రెండున్నాయి. నలుగురిలో చెబితే మీకు నామోషీ అని ఆరు రోజులు తిరిగాను."

విజయేందర్ మెడలో దండ బరువెక్కింది. "జర పెన్నియ్యమ్మా! ఇప్పుడే చేస్త సంతకం."

"శనివారం ఐదింటికే గడువైపోయింది సార్. ఈ ఎన్నికల ఆఖరి ఓటర్ల జాబితా రాత్రే అచ్చుకి వెళ్లిపోయింది." ఆమె రిజిస్టరు తెరిచి చూపించింది. పేజీ పొడవునా పేర్ల మీద ఎర్ర గీతలు. "మొదటి పేరు మీదే సార్."