నాలుగో ప్రశ్న

“ఏ ఆస్పత్రో రాయలేదేం?”

విరాళాల పేజీ తెరిచి గంట కాలేదు. పాప ఫోటో కింద మొట్టమొదట పడిన మాట అది. రాసినవాడు సొంత పేరు పెట్టుకోలేదు, ‘పక్కింటాయన’ అని పెట్టుకున్నాడు.

కర్టెన్ల షాపాయనకి ఒళ్ళు మండింది.

ఆస్పత్రి వరండాలో బల్లమీద చెల్లెలు కూర్చుని ఉంది. లోపల మేనకోడలు. గుండెలో వాల్వు మార్చాలి. రేపు సాయంత్రం అయిదులోగా సగం డబ్బు కట్టకపోతే ఆపరేషన్ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మరో తేదీ దొరికేదాకా పాప ఆగుతుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

“ఎవరన్నయ్యా?”

“ఎవడో పనిలేనివాడు. చిల్లర విదిల్చే ముఖం కాదుగానీ, ఆరాలు మాత్రం కావాలి.”

అయినా రాశాడు. ఆస్పత్రి పేరు, వార్డు, డాక్టరు పేరు.

పేజీలో వచ్చిన డబ్బు చూపే అంకె కొంచెం కదిలింది. వెంటనే పక్కింటాయనది రెండో ప్రశ్న.

“పాప మీకేమవుతుంది? కన్నవాళ్ళు అడక్కుండా మీరెందుకు అడుగుతున్నారు?”

“మేనకోడలు. తండ్రి పోయాడు. తల్లికి ఫోన్లో ఇవన్నీ చేతకావు. చాలా, ఇంకేమైనా చెప్పాలా?”

అంకె మళ్ళీ కదిలింది.

మర్నాడు పొద్దున్నే మూడో ప్రశ్న. “డబ్బు పడేది ఎవరి ఖాతాలో?”

“ఇన్నేళ్ళుగా బజార్లో వ్యాపారం చేస్తున్నా. ఎవడూ నన్నీ మాట అడగలేదు!” వరండా అంతా వినబడేలా అరిచాడు.

“మెల్లిగా అన్నయ్యా. నర్సమ్మ చూస్తోంది.”

పంతానికి ఖాతా మార్పించాడు. ఆస్పత్రి ఖాతాయే పెట్టించి, “ఇదిగో, బజార్లో షాపున్నవాణ్ణి, దొంగని కాను. కళ్ళు పెద్దవి చేసుకుని చూసుకో” అని రాశాడు.

మధ్యాహ్నానికి, అయిదులోగా కట్టాల్సిన ఆ సగంలో ముప్పావు వంతు వచ్చింది. అంతా పాప నవ్వు మహిమే అనుకున్నాడు. గిరాకీ ఎందుకొచ్చిందో చూసుకోకుండా వచ్చిందని మురిసిపోవడం తన గుమాస్తా చేసి ఉంటే చెడతిట్టేవాడు.

అప్పుడు పడింది నాలుగోది.

“షాపు ఉందంటున్నారు. మరి మీరెంత పెట్టారు?”

పెట్టాడు. డెలివరీ వ్యాన్ అమ్మేశాడు. గోడౌన్ సరుకు అయినకాడికి తెగనమ్మాడు. అదంతా పరీక్షలకీ, మందులకీ హారతి కర్పూరమైపోయింది. కానీ ఆ ముక్క రాస్తే బజారంతా చదువుతుంది. అప్పుమీద బట్ట ఇచ్చే హోల్‌సేలర్లు తెల్లారేసరికి షాపు ముందుంటారు.

“చెప్పెయ్ అన్నయ్యా, తప్పేముంది?”

“తప్పు కాదే, పరువు! రేపట్నించి షట్టర్ దించుకుని కూర్చోమంటావా?”

పేజీలు నడిపే కంపెనీకి ఫోన్ చేశాడు. “ఇక్కడ కన్నతల్లి ఏడుస్తుంటే వాడు మమ్మల్ని దొంగల్లా నిలదీస్తున్నాడమ్మా. వాణ్ణి తీసెయ్యండి.”

“చూస్తాం సార్” అంది అమ్మాయి.

కాసేపటికి పక్కింటాయన మాయమయ్యాడు.

“పీడ వదిలింది.”

అంకె ఆగిపోయింది.

“నెట్ రావడం లేదేమో, చూడన్నయ్యా.”

వస్తోంది. పేజీ కింద కొత్త మాటలు కూడా వస్తున్నాయి.

“పక్కింటాయన్ని ఎందుకు తీసేశారు?”

“ఏం దాస్తున్నారు?”

సాయంత్రం నాలుగు దాటాక షాపాయన పళ్ళు బిగబట్టి రాసేశాడు. వ్యాన్ సంగతి, గోడౌన్ సంగతి, అన్నీ.

“ఇప్పుడా చెప్పేది?” అన్నారెవరో.

ఫోన్ మోగింది. హోల్‌సేలరు. “ఏమయ్యా, గోడౌన్ ఖాళీ అటగా?”

కట్ చేసి కంపెనీకి కలిపాడు. “తల్లీ, ఆయన్ని మళ్ళీ పెట్టండి. నీకు పుణ్యముంటుంది.”

“ఒకసారి తీసేశాక మూడు రోజులదాకా వీల్లేదు సార్. దొంగ పేజీలు చూసి చూసి జనం జడిసిపోయారు. ఆయన ఒక్కో జవాబుకీ ‘సరే’ అన్నాకే ఇచ్చేవాళ్ళు మా దగ్గర వేలల్లో ఉన్నారు. మీ పేజీలో ఆయన ‘సరే’ అనాల్సిన జవాబు ఇంకొక్కటే మిగిలింది.”

బట్ట తిరగేసి, నూలు లాగి చూసే మనిషిని తన షాపులో ఏనాడూ పొమ్మనలేదు. అలాంటివాళ్ళు కొనకుండా పోరని అతనికి తెలుసు.

అయిదయింది. ఆస్పత్రి కౌంటర్లో గుమాస్తా ఆ తేదీ ఇవ్వడానికి ఇంకో పాప తండ్రిని పిలిచాడు. చెల్లెలు బల్లమీంచి లేవలేదు. అన్న వైపు చూడనూ లేదు.

“ఇంతకీ ఎవరమ్మా ఆయన?” ఇంకా చెవి దగ్గరే ఉన్న ఫోన్లో అడిగాడు.

అవతలి అమ్మాయి చెప్పింది.

“తీసేస్తున్నామంటే కోప్పడలేదు సార్. ఆయనా ఒకప్పుడు కూతురికోసం మా దగ్గరే పేజీ పెట్టారు. చూసినవాళ్ళంతా నిజమో అబద్ధమో అనుకుంటూ దాటిపోయారే తప్ప, పాప పోయేదాకా ఏ ఒక్కరూ ఒక్క ప్రశ్నయినా అడగలేదు.”