ఎల్‌టీసీ సముద్రం

"అదిగో, ఆ గీతలా ఉందే, అదే శ్రీలంక!" అప్పలసూరి ధనుష్కోడి ఇసుకలో నిలబడి వేలు చూపించాడు.

"నాకేటీ అవుపడ్నేదు," అంది అతని భార్య జోగమ్మ, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగుతూ.

"కళ్లెట్టి సూడు! ఉక్కునగరంలో మన సెక్టారోళ్లు ఎవులైనా ఇంత దూరం వచ్చినారేటి? కంపెనీ టిక్కెట్లిచ్చి ఎల్‌టీసీ ఎల్లమంటే ఊటీతో సరిపెట్టేత్తారు. నాను నిన్ను దేశం సివరికి తెచ్చినాను!"

నిజానికి అతనికీ ఏమీ కనిపించలేదు. అయినా స్టీల్‌ప్లాంటులో తోటివాళ్లకు చూపించడానికి ఆ ఖాళీ నీళ్లనే ఫోటో తీసుకున్నాడు.

"ఇంక పద, జీపోడు హారన్ కొడతన్నాడు."

జోగమ్మ కదల్లేదు. అల వెనక్కి పోతూ పాదాల కింది ఇసుకను లాగేస్తుంటే కిలకిలా నవ్వింది.

"ఏటే, సముద్రం ఎప్పుడూ సూణ్ణట్టు ఆడతన్నావ్?"

"ఎప్పుడు సూసేను? పెళ్లైన కాణ్ణించీ వచ్చే ఆదివారం బీచికెల్దాం అంతన్నారు. ఆదివారం వత్తే ఓవర్‌టైం అంతారు."

అప్పలసూరి ఇందాక తీసిన ఫోటో తెరిచి చూసుకున్నాడు.

"ఏవండీ, మన ఇశాపట్నం సముద్రం కూడా ఇంత బాగుంటాదేటి?"

'దానికి ఎల్‌టీసీ ఇవ్వరే' అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జీపు మళ్లీ హారన్ కొట్టింది. అప్పలసూరి చెప్పులు విప్పాడు.